పాఠం 4: సిట్టింగులు 30, మాత్రల రోజులు 30 కాదు

ఈసారి ఎంఆర్ఐ రిపోర్ట్ చదవడం మొదలుపెడదాం అనుకున్నా, అది వచ్చే పాఠానికి పోయింది. మెదడులో గడ్డకి కరెంటు (రేడియేషన్) పెడుతూ టెమోజోలోమైడ్ అనే క్యాన్సర్ మాత్ర కూడా వేసే పేషెంట్‌కి రోజుకి డోసు ఎంత, ఎన్ని రోజుల మాత్రలు కావాలి అని పోయినసారి ఇచ్చిన లెక్కకి మీరు పంపిన జవాబులు చూశాక ముందుకెళ్ళబుద్ధి కాలేదు. డోసు దాదాపు అందరికీ వచ్చింది. ఎత్తు 160 సెం.మీ., బరువు 60 కిలోలు, రెండూ గుణించి 3600తో భాగించి వర్గమూలం తీస్తే 1.63, అది చదరపు మీటర్లలో ఒంటి ఉపరితలం, దాన్ని చదరపు మీటరుకి ఇచ్చే 75 ఎంజీతో గుణిస్తే 122, అంటే రోజుకి 120 ఎంజీ, 100ది ఒకటి 20ది ఒకటి. బాగుంది. కానీ మొత్తం ఎన్ని రోజులకి మాత్రలు కావాలి అంటే చాలామంది 30 అని రాశారు. ఎందుకంటే ఫైల్లో 60 గ్రే (రేడియేషన్ కొలత), 30 సిట్టింగులు (ఒక్కోసారి కరెంటు పెట్టడం ఒక సిట్టింగు) అని ఉంది కాబట్టి.

కరెంటు సోమవారం నుంచి శుక్రవారం దాకానే. టెమోజోలోమైడ్ మాత్ర మాత్రం మొదటి సిట్టింగు రోజు నుంచి చివరి సిట్టింగు రోజు దాకా వారంలో ఏడు రోజులూ, శని ఆదివారాలు కలిపి. సోమవారం మొదలైతే 30వ సిట్టింగు ఆరో శుక్రవారం, అంటే 40 రోజుల మాత్రలు. మంగళవారమో బుధవారమో మొదలైతే మధ్యలో సెలవు లేకపోయినా 42. మెషిన్ ఒక్క రోజు ఆగితే సోమవారం మొదలైనవాళ్ళకి కూడా 43, ఎందుకంటే మిగిలిన ఆ ఒక్క సిట్టింగు శని ఆదివారాలు దాటి సోమవారానికి పడుతుంది. అలా పెరుగుతూ పోయినా 49 రోజులు దాటకూడదు అన్నది మొదటి నుంచీ ఉన్న హద్దు.

ఆదివారం కూడా ఎందుకు అని ఒకరు అడిగారు, మంచి ప్రశ్న. ఈ మందు రక్తంలో సగానికి తగ్గిపోవడానికి రెండు గంటలు కూడా పట్టదు, నిన్నటిది ఇవాళ్టికి ఉండదు. గడ్డ కణాల్లో ఎంజీఎంటీ అనే ఎంజైమ్ ఉంటుంది, మందు డీఎన్ఏకి చేసిన దెబ్బని అది బాగుచేసేస్తుంది, కానీ బాగుచేసిన ప్రతిసారీ అదే ఖర్చయిపోతుంది. చిన్న డోసు రోజూ పడుతుంటే ఆ ఎంజైమ్ తేరుకునే సందు తగ్గుతుంది అన్నది ఇలా రోజూ ఇవ్వడం వెనక ఆలోచన. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో రూమ్ తీసుకుని ఉండేవాళ్ళు శుక్రవారం సిట్టింగు అవ్వగానే ఎంజీబీఎస్ బస్టాండ్‌కి పోయి నల్గొండ బస్సో మహబూబ్‌నగర్ బస్సో ఎక్కేస్తారు, గోలీల డబ్బా రూమ్‌లో కిటికీ దగ్గరే ఉండిపోతుంది. నేను ఎక్కువగా చూసే నాగా ఇదే. డబ్బా పేషెంట్ సంచిలో ఉండాలి, ఫైల్ ఉన్న సంచిలో కాదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2005లో రోజర్ స్టుప్ బృందం గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఉన్న 573 మంది మీద చేసిన స్టడీలో కరెంటు ఒక్కటే పెట్టినవాళ్ళలో రెండేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు 10.4 శాతం, కరెంటుతో కలిపీ, ఆ తర్వాత విడిగానూ మాత్ర వేసినవాళ్ళలో 26.5 శాతం. తేడా అంతా మాత్ర వల్లే.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం. కరెంటు అయిపోయి నాలుగు వారాల గ్యాప్ ఇచ్చాక రెండో దశ మొదలవుతుంది, చీటీ మీద "5 రోజులు" అని ఉంటుంది. అప్పటిదాకా ఆరు వారాలు సోమ టు శుక్ర తిరిగిన ఇల్లు కదా, ఆ 5ని చూడగానే వారానికి 5 రోజులు అనుకుంటారు. కాదు. 28 రోజుల్లో 5 రోజులు. వరసగా 5 రోజులు వేసి ఆపేయాలి, తర్వాత 23 రోజులు ఒక్క మాత్ర కూడా లేదు. ఆ 28 రోజులూ కలిపి ఒక సైకిల్. పైగా ఇక్కడ డోసు 75 కాదు, మొదటి సైకిల్ 150, తట్టుకుంటే రెండో సైకిల్ నుంచి 200. మన 1.63 మనిషికి మొదట 245, అంటే 250ది ఒకటి, తర్వాత 326, అంటే 320, 180ది ఒకటి 140ది ఒకటి. ఇంత డోసు ప్రతి వారం 5 రోజులు వేస్తే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. మిగిలిపోయిన పాత 100లు 20లు ఉన్నాయి కదా, గ్యాప్‌లో వేసేద్దాం అనడం కూడా ఇలాంటిదే, వాటిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళి చూపించండి. కరెంటు దశలో 5 అన్నది మెషిన్‌ది, మాత్రల దశలో 5 అన్నది మాత్రది. ఫార్మసీ కౌంటర్ దగ్గర నిలబడే అడగండి, "ఇది 28 రోజుల్లో 5 రోజులేనా?" అని, వెనక క్యూలో ఎవరు విసుక్కున్నా సరే. డోసు నిర్ణయించేది డాక్టరే, మన పని సరిచూడటం.

65 దాటినవాళ్ళలో కొందరికి 15 సిట్టింగుల్లో 40 గ్రే పెడతారు, అక్కడ మాత్రలు 21 రోజులు. వాంతి అయితే అదే రోజు ఇంకో డోసు వెయ్యకూడదు. ఖాళీ కడుపు, గోలీ విప్పకపోవడం, కరెంటు పెట్టేటప్పుడు తలకి వేసే మాస్క్ సంగతి మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష గురించి ఒక్క ముక్క. కరెంటు దశలో ప్రతి వారం ఉంటుంది. తెల్లకణాలు 2,800 ఉన్నాయి కదా అని ఊరుకోకండి, తెల్లకణాల్లోనే ఒక రకమైన న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించండి. 50 శాతం అయితే 1,400. న్యూట్రోఫిల్స్ 1,500 కన్నా తగ్గినా, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గినా తర్వాతి మాత్ర వేసేముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి.

ఇక అభ్యాసం, ఈసారి కొంచెం కష్టమైందే. ఫోన్ యాప్ వద్దు, తిథులుండే గోడ కేలండర్ తీసుకోండి, ఇంట్లో అందరికీ కనబడేది అదే. 2026 జనవరి 7 బుధవారం మొదటి సిట్టింగు. 14, 15 సంక్రాంతికి మెషిన్ లేదు, 26 సోమవారం కూడా లేదు. సిట్టింగులకి నీలం గీత, మాత్రలకి ఎర్ర చుక్క పెట్టండి. చివరి సిట్టింగు ఫిబ్రవరి 20 శుక్రవారం రావాలి, చుక్కలు 45 ఉండాలి. రాకపోతే మళ్ళీ మొదటి నుంచి, ఆదివారాలు చూసుకుంటూ. వచ్చాక, చివరి సిట్టింగు నుంచి సరిగ్గా 28 రోజులకి, మార్చి 20న, మొదటి సైకిల్ మొదలుపెట్టి దాని 5 చుక్కలు, 22వ రోజు సీబీపీ, రెండో సైకిల్ మొదటి రోజు కూడా గుర్తుపెట్టండి. సీబీపీ ఏప్రిల్ 10కి, రెండో సైకిల్ ఏప్రిల్ 17కి వస్తాయి. ఇదంతా అయ్యాక మీ ఇంటి పేషెంట్ ఎత్తు బరువుతో ఏ దశకి ఎన్ని గోలీలు కావాలో, ఏ సైజువి ఎన్నో విడివిడిగా లెక్కేసి, ఆ కాగితం వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఫైల్ పైన పెట్టి తీసుకెళ్ళండి.