గవర్నరు గుండ్లు కుదురుకున్నాయి

మండపేట దగ్గర మా పాత రైసుమిల్లులో ఊకతో మండే బాయిలరు, ఆవిరి ఇంజను ఉన్నాయి. దాళ్వా ధాన్యం ఆడిస్తుంటే ఇంజను ఒకసారి ఉరకడం, అంతలోనే నీరసపడడం మొదలైంది. బియ్యంలో నూక పెరిగింది. చూస్తూ ఊరుకోవడానికి నాకు ప్రాణం ఒప్పలేదు.

బెల్టు జారుతోందేమోనని బిగించాను, ఫలితం లేదు. అప్పుడు ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు దగ్గర నిలబడి గమనించాను. 1788లో జేమ్స్ వాట్ తన ఇంజన్లకు అమర్చిన పద్ధతే ఇది: వేగం పెరిగితే రెండు ఇనుప గుండ్లు విచ్చుకుని, ఇరుసు మీద జారే తొడుగును, అంటే స్లీవును, కదిల్చి, ఆవిరి వాల్వును కొంత మూస్తాయి. మా గుండ్లు మాత్రం కదలవలసినప్పుడు కదలక, వేగం బాగా హెచ్చాక ఒక్కసారిగా ఎగురుతున్నాయి.

ఇంజను ఆపి, చల్లారాక స్లీవు విప్పాను. లోపల పాత గ్రీజు, ఊక దుమ్ము కలిసి తారులా గట్టిపడ్డాయి. కిరసనాయిలుతో కడిగి పలుచని నూనె వేశాను. అయినా పట్టు పోలేదు. వాల్వు కడ్డీ చుట్టూ ఉన్న ప్యాకింగు, ఆవిరి కారకూడదని కిందటేడు మరీ బిగించినది, కడ్డీని పట్టేస్తోంది. కొత్త ప్యాకింగు చుట్టి, కడ్డీ చేతికి తేలిగ్గా కదిలేంతవరకే నట్టు బిగించాను. ఇలాంటప్పుడు గుండ్లు మార్చేయడం తప్పు. ముందు రాపిడి చూడాలి.

ఇప్పుడు ధాన్యం పోయగానే గుండ్లు కాస్త దిగి, కొద్ది చుట్లలోనే కుదురుకుంటున్నాయి.