పాత కారు వెనుక మడ్‌గార్డ్ అంచును మడిచే విధానం

తిరుపతి చదును రోడ్ల మీద ఏ ఇబ్బందీ పెట్టని వెడల్పు టైరు, వెనుక సీటులో ముగ్గురు కూర్చున్నాక తిరుమల ఘాట్ మలుపుల్లో మడ్‌గార్డ్ లోపలి అంచును ఒరుసుకోవచ్చు. అంబాసిడర్, పద్మినీ కార్లకు వెనుక ఉండేవి కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కాబట్టి, ఖాళీ బండి మీద కాక, బరువుకు అవి అణిగినప్పుడే టైరుకూ అంచుకూ మధ్య సందును కొలవాలి.

ఆ కాలపు కార్లలో చాలావాటికి లోపలి, బయటి రేకులు ఈ అంచు దగ్గరే స్పాట్ వెల్డింగ్‌తో కలుస్తాయి. అందువల్ల, సందు పెంచడానికి అంచును లోపలికి మడవాలే తప్ప, గ్రైండరుతో కోసేయడాన్ని నేను సమర్థించను. కోస్తే అతుకు విడిపోయి, నీరు చేరి, తుప్పు మొదలవుతుంది.

ముందుగా అంచు లోపల గట్టిపడిన మట్టిని వైరు బ్రష్షుతో గీకి, స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడాలి. రేకు పొరలుగా రాలితే మడత ఆలోచన మానుకుని టింకరింగ్ చేయించాలి. గట్టిగా ఉంటే, బండిని స్టాండ్ల మీద నిలిపి చక్రం విప్పి, హీట్ గన్‌తో పెయింటును చేయి ఆనించలేనంతగా, అంటే సుమారు 60 డిగ్రీల వరకు వేడి చేస్తూ, హబ్‌కు (చక్రం బిగించే భాగానికి) బిగించిన, అంచును ఒత్తి మడిచే రోలరును అటూ ఇటూ నడుపుతూ, విడతకు కొంచెం చొప్పున ఒత్తిడి పెంచాలి. తొందరపడితే పెయింటు వెంట్రుకవాసి గీతలుగా పగులుతుంది. పుట్టీ మందంగా పూసిన బండి అయితే ఎంత నిదానించినా పెళ్ళలుగా ఊడవచ్చు. చివరగా ప్రైమర్, సీలెంట్, అండర్‌కోటింగ్ వరుసగా వేయాలి.