గుండెల్లో మంటకు ఏ మందు, ఏ వేళకు

గుంటూరు కొత్తపేటలో ఏ మందుల షాపు ముందు కాసేపు నిలబడినా "గ్యాస్ బిళ్లలు రెండివ్వండి" అనే మాట వినిపిస్తుంది. షాపాయన కత్తెరతో అట్టలోంచి రెండు బిళ్లలు కత్తిరించి ఇస్తాడు. మందు పేరు, గడువు తేదీ చాలాసార్లు మిగిలిన ముక్క మీదే ఉండిపోతాయి. ఆ రెండూ అడిగి తెలుసుకున్నాకే డబ్బులివ్వాలి, ఎందుకంటే గ్యాస్ బిళ్ల అని మనం పిలిచేవన్నీ ఒకే మందు కావు, వాటిని వేసుకునే వేళ కూడా ఒకటి కాదు.

మిరపకాయ బజ్జీలో, గోంగూర పచ్చడో ఎక్కువై ఎప్పుడో ఒకనాడు ఛాతీలో మంట, పుల్లటి త్రేన్పులు వస్తే డైజీన్, జెలూసిల్ వంటి యాంటాసిడ్ సరిపోతుంది. అది కడుపులో అప్పటికే ఉన్న ఆమ్లాన్ని నిమిషాల్లో విరుస్తుంది గాని, ఆ ఉపశమనం ఎక్కువసేపు నిలవదు. థైరాయిడ్ బిళ్ల వాడేవారు దానికీ దీనికీ మధ్య కనీసం 4 గంటల ఎడం పాటించాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాడరాదు. రాత్రిపూట మంటకు, ఆమ్లం ఊరడాన్నే తగ్గించే ఫామోటిడిన్ బిళ్ల మెరుగు.

మంట వారానికి రెండు మూడు రోజులు వస్తుంటే వైద్యులు సాధారణంగా పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు గాని, ఒమెప్రజోల్ 20 మిల్లీగ్రాములు గాని రాస్తారు. ఎక్కువ మంది పొరపాటు పడేది వీటి దగ్గరే. భోజనం అందగానే కడుపు గోడలోని కణాలు ఆమ్లాన్ని ఊరించడం మొదలుపెడతాయి. ఈ మందు అప్పటికే రక్తంలో చేరి ఉంటేనే వాటిని గట్టిగా అడ్డుకోగలదు. అందువల్ల పరగడుపున, టిఫిన్‌కు అరగంట నుండి గంట ముందు, నమలకుండా మంచినీళ్లతో మింగాలి. మా నాన్నగారు ఇడ్లీ తిని, కాఫీ తాగిన తరువాత వేసుకుంటూ, మందు పనిచేయడం లేదని నెలల తరబడి బాధపడ్డారు; వేళ మార్చిన వారానికి రాత్రుళ్లు లేచి కూర్చోవడం తగ్గింది. పూర్తి గుణం కనిపించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది కనుక, మొదటి రోజే నిరాశపడి ఆపకూడదు.

సాధారణంగా 4 నుండి 8 వారాలు వాడాక, కొనసాగించాలా వద్దా అన్నది వైద్యుణ్ణే అడగాలి. ఏళ్ల తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది; ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు మంట తిరగబెట్టవచ్చు. గుండె కోసం, రక్తం గడ్డకట్టకుండా చూసే క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్‌ను సొంతంగా కొనరాదు. వికారం, వాంతులు తగ్గించే డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ క్యాప్సూల్స్‌ను కూడా ఊరికే తెచ్చుకుని మింగడం నాకు భయం కలిగించే అలవాటు, ఎందుకంటే అది కొందరిలో గుండె లయను చెడగొట్టగలదు.

ముద్ద దిగకపోయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇక బిళ్లలతో కాలయాపన చేయకుండా గ్యాస్ట్రో డాక్టరును కలవాలి. అవసరమైతే ఎండోస్కోపీ చేస్తారు. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే అది గ్యాసేనని యాంటాసిడ్ తాగి పడుకోక, వెంటనే 108కి ఫోన్ చేయాలి.