వెన్న కోసం ఆవుపాలు కొనేవాళ్లకు

నెయ్యి కోసం ఆవుపాల మీగడ దాస్తుంటే గిన్నె ఎంతకీ నిండదు. పాలవాళ్లను ఏ జాతి ఆవో అడగండి. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవుపాలలో కొవ్వు సుమారు మూడున్నర శాతం, జెర్సీ పాలలో దాదాపు 5 శాతం. ధర ఒకటే అయితే జెర్సీ పాలే లాభం.

అనుమానం ఉంటే రెండు జాతుల పాలు అమ్మే ఇద్దరి దగ్గరా అర లీటరు చొప్పున కొని, ఒకేలా కాచి చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున మీగడ తీసి తూకం వేయండి, వంటింటి కాటా చాలు. పసుపు రంగు చూసి కొవ్వు ఎక్కువనుకుని మోసపోవద్దు, పచ్చగడ్డి మేసినా ఆ రంగు వస్తుంది.

రెండూ ఒకే పూట పాలై ఉండాలి. సాయంత్రం పాలలో సాధారణంగా కొవ్వు కాస్త ఎక్కువ కాబట్టి, పూట మారితే లెక్క తప్పుతుంది. హోమోజినైజ్ చేసిన (కొవ్వు పైకి తేలకుండా పాలలో కలిపేసిన) ప్యాకెట్ పాలకు ఈ పరీక్ష పనికిరాదు, మీగడ సరిగా కట్టదు.