వీధి చివరి సూపర్ మార్కెట్‌లో బిల్లు తప్పు పడకుండా కొనడం ఎలా

నేను 9 ఏళ్లు బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేశాను. నా ముందు జరిగిన గొడవల్లో చాలావరకు ఒకే మాటతో మొదలయ్యేవి: "అక్కడ ఒక రేటు పెట్టి, ఇక్కడ ఇంకో రేటు వేస్తారేంటమ్మా?" అడిగినవాళ్లది ఎక్కువసార్లు న్యాయమే. కాకపోతే డబ్బు కట్టేసి, సంచులు సర్దుకుని, వెనక పదిమంది నిలబడి ఉన్నప్పుడు అడిగేవాళ్లు. కట్టకముందు అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది.

తేడా ఎందుకొస్తుందో తెలిస్తే ఎక్కడ చూసుకోవాలో తెలుస్తుంది. ప్యాకెట్ మీది బార్‌కోడ్‌లో ధర ఉండదు. ఉండేది ఒక నంబరు, చాలా సరుకులకు 13 అంకెలు. మిషన్ ఆ నంబరు చదువుతుంది, కంప్యూటర్‌లో దాని ఎదురుగా ఏ ధర ఉంటే అది బిల్లులో పడుతుంది. 1974 జూన్ 26న అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్లో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను మొదటిసారి ఇలా స్కాన్ చేసినప్పటి నుంచీ పద్ధతి ఇదే. ఆ అంకెల్లో చివరిది, ముందున్నవన్నీ సరిగ్గా చదివిందో లేదో చూసుకోవడానికే పెట్టారు. అందుకని మిషన్ ఒక అంకె తప్పు చదివి ఇంకో సరుకు ధర వేయడం దాదాపు జరగదు.

మరి తప్పు ఎక్కడ? ఆఫర్ అయిపోయిన రాత్రి కంప్యూటర్‌లో ధర ఒక్క దెబ్బకి మారిపోతుంది. ర్యాక్ మీది చీటీని మాత్రం ఎవరో ఒకరు చేత్తో తీయాలి. వందల చీటీల్లో ఒకటీ అరా మిగిలిపోతాయి. కాబట్టి ఆఫర్ చూసి ఏదైనా తీసుకుంటే ఆ చీటీ మీద మూడు చదవండి: ఎప్పటిదాకా, ఎంత బరువు ప్యాకెట్‌కి, ఏ రకానికి. తర్వాత ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. కౌంటర్‌లో ఆ ఫోటో చూపిస్తే మాకూ పని సులువు. లోపలికి మనిషిని పంపి చూసి రమ్మనక్కర్లేదు. "రెండు కొంటే ఒకటి ఉచితం" అన్నచోట మూడూ ఒకే సైజువి, ఒకే రకానివి కావాలి. ఒక్కటి వేరేదైనా కంప్యూటర్ ఆఫర్ వేయదు, వేయలేదని చెప్పదు కూడా.

తూకం వేసి స్టిక్కర్ అంటించే సరుకులది వేరే సంగతి. అక్కడికక్కడే ముద్రించే ఆ స్టిక్కర్‌లో నంబరు మామూలుగా 2తో మొదలవుతుంది, బరువో ధరో ఆ నంబరులోనే ఉంటుంది. కాటా దగ్గర తప్పు పడితే కౌంటర్‌లో మాకు తెలిసే దారి లేదు. అందుకే సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపిస్తోందా, డబ్బాలో వేసి తూస్తే డబ్బా బరువు తీసేశారా అన్నది అక్కడే నిలబడి చూసుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక కౌంటర్ దగ్గర. ఒకే రకం సరుకులన్నీ ఒకచోట పెట్టండి, బరువైనవి ముందు, నలిగేవి చివర. స్కాన్ అవుతున్నంతసేపూ ఫోన్ పక్కన పెట్టి తెర వైపు చూడండి. ముఖ్యంగా సంఖ్య చూడండి. ఒకే వస్తువు నాలుగుంటే మేము నాలుగుసార్లు స్కాన్ చేయం, ఒకటి స్కాన్ చేసి 4 నొక్కుతాం. ఒక సాయంత్రం రద్దీలో నేను నాలుగు సబ్బులకి 5 నొక్కాను. ఆవిడ మర్నాడు పొద్దున్నే వచ్చారు. సంచిలోంచి నాలుగు సబ్బులూ తీసి వరసగా పెట్టి, పక్కన బిల్లు పరిచి, బిల్లులో సబ్బుల లైను మీద వేలు పెట్టి "ఒకసారి చూడమ్మా" అన్నారు. అంతే, ఇంకో మాట అనలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎందుకంటే ముందురోజు రాత్రి లెక్క చూసుకున్నప్పుడు నా గల్లా పెట్టె సరిగ్గానే సరిపోయింది. బిల్లులో ఐదు ఉన్నాయి, డబ్బూ ఐదింటిదే వచ్చింది. అలాంటి తప్పు సరుకు లెక్కపెట్టిన రోజున తప్ప బయటపడదు. ఆవిడ రాకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

చిల్లర తేడా అయితే దీనికి పూర్తిగా ఉల్టా. మీకు తక్కువ ఇస్తే ఆ మిగులు గల్లా పెట్టెలో ఉండి తీరుతుంది. అక్కడికక్కడ ఒప్పుకోకపోతే వాదించకండి. బిల్లు నంబరు, ఎంత తేడా, మీ ఫోన్ నంబరు రాసిచ్చి "షిఫ్ట్ అయ్యాక లెక్క చూసి చెప్పండి" అనండి. సరిగ్గా అంతే మిగిలితే ఇంక ఎవరూ కాదనలేరు.

కార్డు గీసినప్పుడు డబ్బు పోయిందని మెసేజ్ వచ్చి, మిషన్‌లో మాత్రం ఫెయిల్ అని వస్తే, మిషన్‌లోంచి వచ్చే ఆ ఫెయిల్ చీటీ తప్పకుండా అడిగి తీసుకోండి. బ్యాంకుతో మాట్లాడేటప్పుడు అదే ఆధారం.

చల్లటి సరుకుల గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. పాలు, మాంసం, ఐస్‌క్రీమ్ చిట్టచివర తీసుకోండి. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. గడ్డకట్టిన ప్యాకెట్‌ను ఊపి చూడండి. విడివిడిగా కదలాల్సినవి ఒకే ముద్దగా ఉన్నా, లోపల మంచు పలుకులు పేరుకున్నా, అది మధ్యలో ఒకసారి కరిగి ఉండొచ్చు, వద్దు. ఇంకొకటి, మీకు అక్కర్లేదనిపించిన ఐస్‌క్రీమ్‌ను దయచేసి బిస్కెట్ల ర్యాక్‌లో వదిలేయకండి. ఎంతసేపటి నుంచి బయట ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి పారేయాల్సిందే. "ఇది వద్దు" అని నా చేతికిస్తే వెంటనే లోపల పెట్టించేదాన్ని.

పాత సరుకు ముందుకి, కొత్తది వెనక్కి సర్దుతారు. ఇవాళే వాడేస్తారా, ముందున్నది తీసుకోండి. వారం ఉంచుతారా, వెనక నుంచి తీసి తేదీ చూడండి. "ఈ తేదీలోపు వాడాలి" అన్నది ఆరోగ్యానికి సంబంధించింది, దాటితే వద్దు. "ఈ తేదీ వరకు శ్రేష్ఠం" అన్నది రుచికి, నాణ్యతకి సంబంధించింది.

ఫిర్యాదు చేయాలంటే అదే రోజు, లేదా మర్నాడు పొద్దున్నే రండి. వస్తువు, దాని కవరు, బిల్లు మూడూ తెండి. వచ్చీ రాగానే మీకేం కావాలో చెప్పండి, డబ్బు వెనక్కా, మార్చివ్వడమా అని. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయికి బిల్లు రద్దు చేసే అధికారం చాలాచోట్ల ఉండదు, సూపర్‌వైజర్ వచ్చి తన కోడ్ కొట్టాలి. ఆ అమ్మాయి మీద అరిచినా తను చేయగలిగింది లేదు. "సూపర్‌వైజర్‌ని పిలుస్తావా అమ్మా" అంటే చాలు. షిఫ్ట్ మారే వేళకి మాత్రం రాకండి, అప్పుడు అందరూ లెక్కల్లో మునిగి ఉంటారు.

బిల్లు కాగితం వేడితో అచ్చయ్యేది. గోటితో గీస్తే నల్లటి గీత పడుతుంది, చూడండి. ఎండలో ఉంచితే కొన్నాళ్లకి అక్షరాలు కనబడవు. వారంటీ ఉన్న వస్తువేదైనా కొంటే ఇంటికి రాగానే బిల్లుని ఫోటో తీసి పెట్టుకోండి.