శ్రీశైలం దాకా సైకిల్ మీద: వేగం గురించి ముందే ఆలోచించుకోవాల్సినవి

కార్తీకం వస్తోందంటే హైదరాబాద్ సైకిల్ గ్రూపుల్లో ఒకటే మాట, శ్రీశైలం. దారి సుమారు 215 కిలోమీటర్లు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, మన్ననూరు, అక్కడి నుంచి నల్లమల అడవి. సైకిలుకు కొత్త టైర్లు వేయిస్తారు, లైట్లు కొంటారు, జెర్సీలు కుట్టిస్తారు. ఎంత వేగంతో తొక్కాలన్నది మాత్రం రోడ్డెక్కాక చూసుకుందాంలే అనుకుంటారు. ఈ దారిలో ఆ ధోరణి పనికిరాదు. కష్టమంతా చివర్లో ఉంటుంది, మొదట్లో రోడ్డేమో రమ్మని పిలుస్తుంది.

కల్వకుర్తి దాకా 80 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. పెద్ద ఎత్తుపల్లాలు లేవు, పొద్దున్నే చల్లగా ఉంటుంది, చలికాలంలో ఈశాన్యం గాలి వెనక నుంచో పక్క నుంచో తోస్తుంది. మీటరు 25 చూపిస్తుంటే ఈరోజు కాళ్లు బాగున్నాయనిపిస్తుంది. అది గాలి చేస్తున్న పని. అది వదిలేసినా, సమతల రోడ్డు మీద 20 నుంచి 25కి వెళ్తే గాలిని చీల్చడానికి పెట్టే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. మిగిలేదెంత? 80 కిలోమీటర్లకు 48 నిమిషాలు. ఆ 48 నిమిషాలూ మధ్యాహ్నం డిండి దాటాక ఏ చెట్టు కిందో కాళ్లు చాపి వడ్డీతో సహా తిరిగి కట్టేస్తారు.

మరి సరైన వేగం ఎంత? అంకె చెప్పమంటే చెప్పను, మనిషిని బట్టి మారుతుంది. పరీక్ష మాత్రం ఒకటుంది. పక్కన తొక్కేవాళ్లతో ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా అనగలగాలి. “కల్వకుర్తిలో టీ తాగుదామా, ఇంకాస్త ముందుకు పోదామా” అనే మాట ముక్కలు ముక్కలుగా వస్తుంటే మీరు ఎక్కువ తొక్కుతున్నట్టే. ఒంటరిగా వెళ్తున్నా ఆ వాక్యాన్ని పైకి అనుకోండి, నవ్వడానికి అడవిలో ఎవరూ ఉండరు. గుండె వేగం చూపే వాచీలు ఉన్నవాళ్లు దాన్నీ చూసుకోవచ్చు కానీ, టెన్షన్, ఎండ, నిద్రలేమి ఆ అంకెను అటూ ఇటూ చేస్తాయి. ఊపిరి అంత సులువుగా మోసం చేయదు.

ఇంకో లెక్క కూడా మనసులో పెట్టుకోండి. ప్రపంచమంతా జరిగే బ్రెవెట్ రైడ్లలో, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లలో, 200 కిలోమీటర్లకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. తిండి, నీళ్లు, పంక్చర్లు అన్నీ కలుపుకొని గంటకు 15 కిలోమీటర్లు పడితే చాలు. 18, 20లో నింపాదిగా తొక్కుతూ ఆగిన చోట పది నిమిషాల్లో లేచేవాళ్లు హాయిగా పూర్తి చేస్తారు. 28లో దూసుకుపోయి ప్రతి హోటల్ దగ్గరా ముప్పావుగంట కూర్చునేవాళ్లే చివర్లో గడియారం చూసుకుంటూ ఆందోళన పడతారు.

అంతమాత్రాన శ్రీశైలం ఒక్క రోజులో వెళ్లమని కాదు. మన ఊపిరికి తగ్గ వేగంతో వెళ్లాలంటే రెండు రోజులే సరి. దానికి అడవి కూడా ఒక కారణం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. సైకిల్ మీద వెళ్లేవాళ్లు 9 దాకా ఆగడం కాదు, పొద్దు గూకేలోపే అడవి దాటాలి. మధ్యాహ్నం మూడింటికి మన్ననూరు చేరి, ముందు 50 కిలోమీటర్ల అడవి పెట్టుకుని “ఇంకాస్త గట్టిగా తొక్కితే అయిపోతుంది” అనుకున్నారంటే, ఆ రోజు మీ వేగం గడియారం చేతిలోకి పోయినట్టే. అచ్చంపేటలోనో మన్ననూరులోనో పడుకుని, పొద్దున 6 గంటలకు గేటు తెరవగానే బయల్దేరండి. బస ముందే మాట్లాడుకోండి, కార్తీక సోమవారాల ముందు గదులు దొరకవు.

అడవిలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎవరి వేగంలో వాళ్లు వెళ్లినా కనీసం ఇద్దరు కలిసి ఉండాలి. ఎక్కడ కలుసుకోవాలో సిగ్నల్ ఉండగానే అనుకోండి, వటవర్లపల్లి అయితే అందరికీ గుర్తుంటుంది. అరటిపళ్లు జెర్సీ వెనక జేబులో కనబడేలా పెట్టుకోకండి. కోతులు సైకిల్ కదులుతున్నా వదలవు.

అసలు జాగ్రత్త కావాల్సింది దోమలపెంట దాటాక. రోడ్డు మెలికలు తిరుగుతూ కృష్ణ వైపు దిగిపోతుంది. అప్పటికి చేతులు అలిసి ఉంటాయి, డ్యామ్ కనబడగానే కళ్లు అటు పోతాయి. బ్రేకులు అదేపనిగా పట్టుకుని దిగితే రిమ్ములు, డిస్కులు కాలిపోతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. ఎదురొచ్చే బస్సు మలుపు తిరగాలంటే మీ సగం రోడ్డు కూడా దానికి కావాలి, కాబట్టి ఎడమ అంచునే ఉండండి. వేళ్లు మొద్దుబారినట్టుంటే సిగ్గుపడకుండా ఆగి రెండు నిమిషాలు దులుపుకోండి. వానాకాలంలో డ్యామ్ గేట్లు ఎత్తిన ఆదివారమైతే అసలు వెళ్లకండి. ఘాట్ పొడవునా కార్లు ఆగిపోయి ఉంటాయి, సందుల్లోంచి దూరడం ప్రమాదం.

వంతెన దాటగానే లింగాలగట్టు నుంచి సున్నిపెంట వైపు ఎక్కుడు. పొద్దుటి నుంచీ దాచుకున్న బలం ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. అన్నిటికన్నా తేలిక గేరులోకి ముందే మార్చుకోండి. పెడల్ మీద బరువు పడ్డాక మారిస్తే గొలుసు జారుతుంది. నడిచే మనిషి కన్నా కాస్త ముందుంటే చాలు. దిగి తోసుకుంటూ వెళ్లినా తప్పేం లేదు, మెట్ల దారిన కొండెక్కే భక్తులు ఎంతమంది లేరు!

తిండి విషయంలో కార్తీకానికి ప్రత్యేకంగా ఒక మాట. ఉపవాసం, రైడ్ ఒకే రోజు పెట్టుకోకండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మామూలు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఆకలి వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి పండో, పల్లీ చిక్కీయో, రెండు ఖర్జూరాలో తింటూ ఉండండి. కల్వకుర్తిలో ఇడ్లీ సరే, బిర్యానీ మాత్రం దారిలో వద్దు. ఒట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, లీటరు నీళ్లకు సరిపడే ప్యాకెట్‌ను అర లీటరు బాటిల్‌లో మొత్తం పోసేయకండి.

మోకాలు ముందువైపు నొప్పి పెడితే సీటు కిందికి ఉందనో, బరువు గేరులో తొక్కుతున్నారనో అనుమానించండి. వెనకవైపు అయితే సీటు ఎత్తు ఎక్కువై ఉండొచ్చు. సరిచేసేటప్పుడు ఒకసారికి మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించొద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎండలో ఉన్నట్టుండి చలి వేయడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆ రోజుకి సైకిల్ దిగిపోవాల్సిందే, వచ్చిన బండి ఎక్కేయండి.

బయల్దేరే ముందు వారాల్లో వికారాబాద్ అనంతగిరి దాకా శనివారం వెళ్లి, అక్కడే పడుకుని, ఆదివారం తిరిగి రండి. ఆదివారం పొద్దున సీటు మీద మూలగకుండా కూర్చోగలిగితే శనివారం తొక్కిన వేగం మీకు సరిపోయినట్టు. మూలిగితే గంటకు రెండు కిలోమీటర్లు తగ్గించి మళ్లీ చూడండి.

తిరుగు ప్రయాణంలో వెళ్లేటప్పుడు తోసిన గాలే ఎదురొస్తుంది. సోమవారం ఆఫీసు ఉన్నవాళ్లు బస్సులో సైకిల్ ఎక్కిస్తారో లేదో వెళ్లిన రోజే స్టాండులో అడిగి పెట్టుకోండి. పెడళ్లు విప్పాల్సి వస్తే 15 నంబరు పానా సంచిలో ఉండాలి. ఎడమ పెడల్ మర మామూలుకి తిరగబడి ఉంటుంది, కుడివైపుకు తిప్పితేనే ఊడుతుంది.