మిగిలిన స్పార్క్‌లింగ్ వైన్‌ను వంటింట్లో వాడుకునే విధానం

పెళ్లిరోజుకో కొత్త సంవత్సరం రాత్రికో తెరిచిన షాంపేన్ లాంటి స్పార్క్‌లింగ్ వైన్ (బుడగలుండే ద్రాక్ష వైన్) సీసాలో మర్నాటికి పావు వంతో సగమో మిగిలిపోవడం మామూలే. గ్యాస్ పోయింది కదా అని దాన్ని సింకులో పారబోసేవారే ఎక్కువ. గ్యాస్ పోయినా ద్రాక్ష పులుపు, వాసన, కొద్దిపాటి తీపి సీసాలోనే ఉంటాయి, వంటకు కావలసినవి అవే. చింతపండు రసాన్నో నిమ్మరసాన్నో చేతిలోకి తీసుకున్నప్పుడు ఎంత పులుపు, దేనికి సరిపోతుంది అని ఎలా ఆలోచిస్తామో, మిగిలిన వైన్‌ను కూడా అలాగే ఒక పులుపుగా చూడడం అలవాటైతే దాన్ని ఎక్కడ వాడాలో తేలిగ్గా తెలుస్తుంది.

ముందుగా నిల్వ సంగతి. కొత్త షాంపేన్ సీసాలో పీడనం వాతావరణ పీడనానికి సుమారు ఆరు రెట్లుంటుంది, ట్యాంకుల్లో పులియబెట్టే ఇటలీ స్పార్క్‌లింగ్ వైన్ ప్రొసెక్కోలో అందులో దాదాపు సగమే. సీసా తెరిచాక కూడా ద్రవంలో కరిగిన వాయువు కొంత మిగిలి ఉంటుంది, ద్రవం ఎంత చల్లగా ఉంటే అది అంత నెమ్మదిగా బయటికి పోతుంది. అందువల్ల తాగడం పూర్తయిన వెంటనే కొక్కాలతో బిగుసుకునే ప్రత్యేకమైన మూతను పెట్టి సీసాను ఫ్రిజ్‌లో నిలబెట్టాలి. మామూలు బిరడా అయితే లోపలి ఒత్తిడికి ఎగిరిపోవచ్చు. సీసా మూతిలో వెండి చెంచాను వేలాడదీస్తే బుడగలు నిలుస్తాయన్న నమ్మకం ఐరోపాలో బలంగానే ఉంది గానీ, పరీక్షించి చూసినవారికి అలాంటి ప్రభావమేమీ కనిపించలేదు. గ్యాస్ పూర్తిగా పోయిన వైన్‌ను అంచుదాకా నిండే చిన్న గాజు సీసాలోకి వంపి ఫ్రిజ్‌లో పెడితే గాలి తక్కువగా తగిలి మరికొన్ని రోజులు బాగుంటుంది. అంతకన్నా ఎక్కువ కాలం ఉంచాలనుకుంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించడం మంచిది. ఆల్కహాల్ వల్ల ఆ ముక్కలు నీటి ఐస్ కంటే కాస్త మెత్తగా ఉంటాయి, గ్రేవీలోకి ఒకటి రెండు వేసుకోవడానికి మాత్రం చక్కగా పనికొస్తాయి. మూత బిగించిన సీసాను మాత్రం ఎప్పుడూ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, అది పగిలిపోతుంది.

వండబోయే ముందు లేబుల్ మీద తీపి స్థాయిని తెలిపే మాట చదవాలి. బ్రూట్ అని ఉంటే లీటరుకు 12 గ్రాముల లోపే చక్కెర ఉంటుంది, ఉప్పు వంటలకు అదే తగినది. ఎక్స్‌ట్రా డ్రై అన్న మాట చూసి అందులో తీపి ఇంకా తక్కువనుకునే ప్రమాదముంది, నిజానికి అందులో చక్కెర 12 నుంచి 17 గ్రాముల దాకా ఉంటుంది. డెమీ సెక్‌లో 32 నుంచి 50 గ్రాములుంటుంది కాబట్టి దాన్ని తీపి వంటకాలకే ఉంచాలి, ఎందుకంటే మరిగించి చిక్కబరిచేకొద్దీ తీపి, పులుపు రెండూ పెరుగుతాయి. అదే కారణంగా వైన్ మరిగించడానికి స్టీలు గిన్నెనో ఎనామెల్ గిన్నెనో వాడాలి తప్ప, పులుపుతో చర్య జరిపే ఉత్త అల్యూమినియం గిన్నె పనికిరాదు. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చే వైన్ బిరడా వల్ల చెడినది. దాన్ని వండినా ఆ వాసన వదలదు కనుక పారబోయడమే సరైన పని.

బుడగలు ఇంకా మిగిలి ఉంటే మొదట గుర్తుకు రావలసింది వేపుడు పిండి. 100 గ్రాముల మైదా, 50 గ్రాముల బియ్యప్పిండి, తగినంత ఉప్పు కలిపి, నూనె కాగిన తరువాతే ఫ్రిజ్‌లోంచి తీసిన వైన్ 180 మిల్లీలీటర్ల దాకా పోసి, ఉండలు కాస్త మిగిలినా పట్టించుకోకుండా నాలుగు తిప్పులు తిప్పి వదిలేయాలి. రొయ్యలనో ఉల్లి చక్రాలనో వంకాయ ముక్కలనో ఇందులో ముంచి వేయిస్తే, వేడికి వాయువు వ్యాకోచించి పిండిని పొంగిస్తుంది. ఆల్కహాల్ నీటికంటే త్వరగా ఆవిరై పైపొరను కరకరలాడేలా చేస్తుంది. గ్యాస్ పూర్తిగా పోయినా చింత లేదు: చిటికెడు వంటసోడా వేస్తే వైన్‌లోని పులుపుతో కలిసి అది కొత్త బుడగలను పుట్టిస్తుంది.

నా దృష్టిలో మిగిలిన వైన్‌కు అన్నిటికంటే చక్కని గమ్యం రిసోట్టో, అంటే ఇటలీవారి చిక్కని బియ్యపు వంటకం. ప్రొసెక్కో ఎక్కువగా తయారయ్యే ఇటలీలోని వెనెటో ప్రాంతంలో దీన్ని ప్రొసెక్కోతోనే చేసుకుంటారు. నలుగురికి 300 గ్రాముల ఆర్బోరియో అనే పొట్టి గింజల బియ్యం, 150 మిల్లీలీటర్ల వైన్, పక్క పొయ్యి మీద వేడిగా ఉంచిన కూరగాయల స్టాక్ (కూరగాయలు ఉడికించి వడకట్టిన నీళ్లు) లీటరు పైచిలుకు కావాలి. బియ్యం కడగడం మన చేతికి అలవాటైన పనే గానీ ఇక్కడ కడగకూడదు, గింజను అంటిపెట్టుకున్న పిండే చివరికి చిక్కదనాన్నిస్తుంది. వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిపాయను రంగు మారకుండా మగ్గించి, బియ్యం వేసి, గింజ అంచులు గాజులా మారి నడుమ తెల్లని చుక్క మిగిలేదాకా వేయించాలి. అప్పుడు వైన్ పోస్తే బుస్సున ఆవిరి లేస్తుంది. ఆ మొదటి ఆవిరిలో ముక్కును గుచ్చే ఘాటు తగ్గి పండు వాసన నిలిచేదాకా, గరిటెతో గీస్తే గిన్నె అడుగు కనిపించేదాకా కలుపుతూనే ఉండాలి. ఈ ఒక్క నిమిషం తొందరపడి స్టాక్ పోసేస్తే పచ్చి వైన్ రుచి తినేటప్పటిదాకా వదలదు. తరువాత ఒక్కో గరిటె స్టాక్ ఇంకేకొద్దీ మరో గరిటె పోస్తూ పద్దెనిమిది నిమిషాల పాటు ఉడికించి, పొయ్యి ఆపి, చల్లని వెన్న ముక్కలు, గుప్పెడు తురిమిన పార్మెజాన్ చీజ్ వేసి బలంగా కలపాలి. పళ్లెంలో పెట్టి తట్టితే మెల్లగా పరుచుకోవాలి, ముద్దగా నిలబడితే ఇంకొంచెం స్టాక్ అవసరమన్న మాట. అసలైన పార్మెజాన్‌ను దూడ పొట్ట నుంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెనెట్‌తో తయారుచేస్తారు కాబట్టి శాకాహారులకు వడ్డించేటప్పుడు వేరే చీజ్ చూసుకోవాలి.

చేపలు తినే ఇళ్లకు వెన్న సాస్ ఉంది. ఫ్రాన్స్‌లోని నాంత్ ప్రాంతపు బ్యూర్ బ్లాంక్ పద్ధతిలో, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలతో 150 మిల్లీలీటర్ల బ్రూట్‌ను రెండు పెద్ద చెంచాలు మిగిలేదాకా మరిగించి, మంట బాగా తగ్గించి, 120 గ్రాముల చల్లని వెన్నను ముక్కలుగా ఒకటి కరిగాక ఒకటి వేస్తూ గిలకొట్టాలి. సాస్ మరిగితే వెన్న విరిగి నూనె తేలుతుంది. పెనం మీద కాల్చిన పండుగప్ప ముక్క పక్కన ఇది ఎంతో బాగుంటుంది. వెన్నకు బదులు క్రీమ్ వాడేవారు ఒక విషయం గమనించాలి: మన దుకాణాల్లో పెట్టెల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు దాదాపు 25 శాతమే కనుక పులుపు తగిలి మరిగితే అది విరిగే అవకాశం ఎక్కువ. 35 శాతం కొవ్వున్న విప్పింగ్ క్రీమ్ నిలబడుతుంది.

వండితే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందన్నది సరైన మాట కాదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పావుగంట ఉడికిన వంటలో వేసిన ఆల్కహాల్‌లో సుమారు 40 శాతం, గంట ఉడికినా 25 శాతం మిగిలే ఉంటుంది. పిల్లలకు, గర్భిణులకు, మద్యం ముట్టనివారికి ఈ వంటలు పెట్టకూడదు. అతిథులకు ముందే చెప్పడం గృహస్థు బాధ్యత.

తీపి వైపు వస్తే గ్రానీటా, అంటే గీకిన మంచులాంటి తీపి, అతి సులువు. 100 గ్రాముల చక్కెరను 150 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి చల్లార్చి, 300 మిల్లీలీటర్ల వైన్, ఒక నిమ్మకాయ రసం కలిపి లోతు తక్కువ స్టీలు పళ్లెంలో ఫ్రీజర్‌లో ఉంచాలి. అంచులు గడ్డకట్టినప్పటినుంచి అరగంటకోసారి ఫోర్కుతో గీకుతూ ఉంటే మూడు నాలుగు గంటల్లో పొడిపొడి మంచు తయారవుతుంది. చక్కెర గాని వైన్ గాని పెంచితే సరిగా గడ్డకట్టదు. జెల్లీ చేయాలనుకునే శాకాహారులు జంతువుల నుంచి తీసే జెలటిన్‌కు బదులు చైనా గ్రాస్‌ను నీళ్లలో పూర్తిగా మరిగించి, గది వేడిమిలో ఉన్న వైన్‌ను అందులో కలపాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని వైన్ పోస్తే అక్కడికక్కడే గడ్డలు కడుతుంది.

వారం దాటి పుల్లబడిన వైన్‌ను వెనిగర్‌గా మార్చవచ్చు. ఫ్రాన్స్‌లో షాంపేన్ సీమలోని రీమ్స్ పట్టణంలో ఈ జాతి వెనిగర్‌కు మంచి పేరుంది. వెడల్పు మూతి గాజు జాడీలో రెండు వంతుల వైన్‌కు ఒక వంతు నీళ్లు, వేడిచేయని, వడకట్టని వెనిగర్ కొంత కలిపి, మూతికి పల్చని గుడ్డ కట్టి వెలుతురు తగలని చోట ఉంచాలి. ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మార్చే సూక్ష్మజీవులకు గాలి తప్పనిసరి కాబట్టి మూత బిగించకూడదు. కొన్ని వారాలకు పైన జిగురుపొర ఏర్పడి, ఘాటైన పుల్లని వాసన వస్తుంది. బూజు రంగులు కనిపిస్తే మొత్తం పారబోయాలి. ఇలా తయారైన వెనిగర్‌ను దోసకాయ, ఉల్లిపాయ సలాడ్లలో నిశ్చింతగా వాడుకోవచ్చు గానీ, దాని ఆమ్ల శాతం మనకు తెలియదు కనుక నిల్వ పచ్చళ్లకు మాత్రం వాడకూడదు.